పధ్నాలుగు డబ్బాల్లో ఏవి ఓడెక్కాలి?

హన్మకొండ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. భర్త ఏడాదిన్నరగా మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఆమెకూ ఇద్దరు పిల్లలకూ వీసాలొచ్చాయి, ఏడు వారాల్లో ప్రయాణం. ఇంట్లో ఇప్పటికే పధ్నాలుగు అట్టడబ్బాలు నిండాయి. అత్తమ్మ ఇత్తడి గంగాళం, గిన్నెలు, బిందెలు, టేకు ఉయ్యాలబల్ల, మూడు తరాలుగా పూజలందుకుంటున్న వేణుగోపాలస్వామి విగ్రహం, ఒక తాళపత్రాల కట్ట "మా వంశం ఎక్కడుంటే అక్కడుండాలి" అంటూ తెచ్చి పెట్టారట. తల్లిగారింటి వాళ్లు ఒడిబియ్యం పోసి పంపుతామంటున్నారు. తొక్కులు, కారప్పొడి, చింతపండు వాళ్ల వైపు నుంచే. సిడ్నీలో ఉన్న ఆడబిడ్డకు మొన్ననే కొన్న పదకొండు చీరలున్నాయి. వీధిలో ఒక పెద్దాయన తన కొడుక్కి ఇమ్మని కట్టిన ఆరు కిలోల ముల్లె కూడా వచ్చి చేరింది.

మరిది స్నేహితుడి ద్వారా దొరికిన ఏజెంటు ముప్పై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. "డోర్ టు డోర్, అన్నీ కలిపే" అని వాట్సాప్‌లో గొంతు పంపాడు తప్ప కాగితం ఇవ్వలేదు. లిస్టులో అన్నింటికీ "వాడిన ఇంటి సామాను" అని ఒకే మాట రాస్తే చాలన్నాడు. భర్తేమో "అవన్నీ అక్కడే వదిలెయ్, ఇక్కడ కొందాం. పంపక తప్పదంటే నా పేరు మీద పంపు" అంటున్నారు. "అత్తమ్మ మనసు నొప్పించలేను, అక్కడ కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే పిల్లలతో ఏం చేయాలో తెలియదు, నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

అమ్మా, మీరు భయపడుతున్నది సుంకం గురించి. మీ సామాన్లలో సుంకం పడేవి చాలా కొద్ది. చిక్కంతా వేరే చోట ఉంది. మీవి, అత్తమ్మవి, ఆడబిడ్డవి, పెద్దాయనవి ఒకే కుప్పలో కలిశాయి. వాటిలో ఏముందో తెలియకుండానే మీ చేత సంతకం పెట్టించాలని ఏజెంటు చూస్తున్నాడు. ముందు కుప్పను విడదీద్దాం.

ఆస్ట్రేలియాలో మనిషితోపాటు కాకుండా విడిగా వచ్చే సామాన్లకు బీ534 అనే ఫారం ఉంది. అది నింపాల్సింది సామాను సొంతదారే. మీరు బయలుదేరే నాటికి కనీసం 12 నెలలుగా సొంతంగా ఉండి, విదేశంలో వాడుకున్న వస్తువైతే సుంకమూ జీఎస్టీ ఉండవు. ఈ రాయితీ కొత్తగా అక్కడ దిగే మనిషికి. మీ ఆయన ఏడాదిన్నరగా అక్కడే ఉన్నారు కాబట్టి గడిచిన 12 నెలల్లో హన్మకొండలోని గిన్నెలు ఆయన వాడారని రాయలేరు. మీరు రాయగలరు. అందుకే సామాను మీ పేరు మీదే వెళ్లాలి. అక్కడ ఓడ సామాను దించి ఉంచే డిపోకు వెళ్లి తీసుకురావడానికి ఆయనకు అధికార పత్రం ఇస్తే సరిపోతుంది. బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే ఓడకెక్కిన సరుకుకు ఇచ్చే రసీదులో, మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం అక్షరం ఉండాలి. మన ఇంటిపేర్లు కొన్ని పాస్‌పోర్టుల్లో ముందుంటాయి, కొన్నింట్లో వెనక, కొన్నింట్లో ఉండనే ఉండవు. ఏజెంటు తనకు తోచినట్టు రాస్తే అక్కడ సరిదిద్దించుకునేలోపు డిపో అద్దె రోజుకింతని పెరుగుతుంది.

ఇక ఆడబిడ్డ చీరలు. అవి కొత్తవి, మీవి కావు. సముద్రం మీద వెళ్లే డబ్బాలో పెడితే రాయితీకి రావు. సుంకం పడవచ్చు, 10 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ జీఎస్టీ లెక్కలో రవాణా, బీమా ఖర్చు కూడా కలుస్తుంది. అదే చీరలు మీ సూట్‌కేసులో వెళితే వేరే లెక్క. విమానంలో దిగే పెద్దవాళ్లకు 900, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు 450 ఆస్ట్రేలియా డాలర్ల విలువ వరకు కొత్త వస్తువులకు సుంకం లేదు, కానుకలు కూడా అందులోనే. కలిసి ప్రయాణించే కుటుంబం ఈ పరిమితిని కలిపి వాడుకోవచ్చు, అంటే మీ ముగ్గురికీ 1,800 డాలర్లు. పదకొండు చీరలూ పట్టుచీరలే అయితే బిల్లులు కూడి చూసుకోండి. ఆ బిల్లులు మీ చేతిసంచిలో ఉండాలి. బంగారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది ఎప్పుడూ ఒంటి మీదో చేతిలోనో వెళ్లాలి, డబ్బాలోకి వెళ్లకూడదు. బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలో మన కస్టమ్స్ వారి దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, సెలవులకు వచ్చినప్పుడు అది ఇక్కడి బంగారమేనని చూపించుకోవడం తేలిక.

విగ్రహం, తాళపత్రాల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహాన్ని, శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతిని మామూలు మనుషులు దేశం దాటించడానికి లేదు. ఇంట్లోదా, గుడిలోదా, కొన్నదా, వారసత్వమా అన్న తేడా ఆ చట్టానికి లేదు. శిక్ష ఆరు నెలల జైలు నుంచి మూడేళ్ల దాకా. మూడు తరాలంటే మీ విగ్రహం ఆ గీత దగ్గరే ఉంది. ఆస్ట్రేలియా వైపు కూడా దీన్ని చిన్న విషయంగా చూడరు. 2014లో వాళ్ల జాతీయ చిత్రశాలలో ఉన్న చోళుల కాలపు నటరాజును స్వయంగా వాళ్ల ప్రధానే తెచ్చి మనకప్పగించారు. "వాడిన ఇంటి సామాను" అన్న పేరు కింద వేణుగోపాలస్వామి బయటపడితే సంతకం మీది, ఏజెంటుది కాదు.

దీనికి మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు ఫొటోలతో దరఖాస్తు పెట్టి, నిపుణులకు వస్తువు చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవడం. వందేళ్లు నిండలేదని తేలితే రాజమార్గంలో పంపవచ్చు. పురావస్తువే అని తేలితే విగ్రహం ఇక్కడే ఉంటుంది. ఏడు వారాల్లో ఇది తెమలకపోవచ్చు. రెండోది, స్వామిని హన్మకొండ ఇంట్లోనే మరిది దగ్గర ఉంచి, మీరు పెంబర్తిలో కొత్త ఇత్తడి విగ్రహం బిల్లుతో కొనుక్కోవడం. అత్తమ్మ చేత దానికి ఇక్కడే తొలి పూజ చేయించి సూట్‌కేసులో తీసుకెళ్లండి. మూడోది, విషయం తేలేదాకా ఎటూ కదపకుండా ఉంచి, వచ్చే సెలవుల్లో ఆలోచించడం. అత్తమ్మకు "నేను తీసుకెళ్లను" అని చెబితే అలుగుతారు. "తీసుకెళితే అక్కడ స్వామిని పోలీసు గదిలో పెడతారు" అని చెబితే ఆవిడే వద్దంటారు, పైగా అది అబద్ధమూ కాదు. ఇంకో మాట, స్వామి కిరీటంలో నెమలి ఈక ఉంటే తీసెయ్యండి. నెమలి ఈకల ఎగుమతికి మన దేశంలోనే అనుమతి లేదు.

ఇత్తడి గిన్నెల విషయంలో అత్తమ్మదే సరైన మాట, మీ ఆయనది కాదు. సముద్రంలో పంచుకునే కంటైనర్‌లో ఛార్జీ ఘనపరిమాణం మీద ఉంటుంది, బరువు మీద కాదు. ఒక ఘనపు మీటరుకు వెయ్యి కిలోలు దాటితేనే బరువు లెక్కలోకి వస్తుంది. 45, 45, 60 సెంటీమీటర్ల డబ్బా సుమారు 0.12 ఘనపు మీటరు. ఎనిమిది డబ్బాలైతే ఒక ఘనపు మీటరులో సరిపోతాయి, మీ పధ్నాలుగూ 1.7 అవుతాయి. చాలామంది ఏజెంట్లు కనీస ఛార్జీ ఒక ఘనపు మీటరుకు వేస్తారు కాబట్టి ఎనిమిది డబ్బాల దగ్గర ఆగడం లాభం. ఇత్తడి, స్టీలు ఒకదానిలో ఒకటి ఇమిడి చిన్న చోటులో బోలెడు బరువు పడతాయి, వాటికి ఓడే తగినది. దిండ్లు, బొంతలు, ప్లాస్టిక్ డబ్బాలు గాలిని మోసుకెళ్లినట్టే. విమాన కార్గోలో పంపితే అదే డబ్బాకు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 6,000తో భాగిస్తారు. లోపల దూది ఉన్నా 20 కిలోల ఛార్జీ కట్టాలి, 30 కిలోల ఇత్తడి ఉంటే 30 కిలోలకు కట్టాలి. కొరియర్‌లో 5,000తో భాగిస్తారు, ఇంకా ఎక్కువ. గంగాళం మరీ పెద్దదైతే దాన్ని వట్టిగా పంపకండి, కడుపులో చీరలు, దుప్పట్లు కుక్కండి.

మిక్సీ, గ్రైండర్ తీసుకెళ్లొచ్చు. అక్కడా ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు ఒక్కటే మారుతుంది. అమెరికా వెళ్లేవాళ్లకు చెప్పే "మిక్సీ పనికిరాదు" అన్న సలహా మీకు వర్తించదు. గ్రైండర్ రాళ్ల సందుల్లో ఎండిన పిండి లేకుండా బ్రష్షుతో తోమి, రెండు రోజులు ఎండలో పెట్టాకే కట్టండి.

ఎందుకింత శుభ్రమంటే, ఆస్ట్రేలియాలో డబ్బా తెరిపించేది ఎక్కువగా సుంకం వాళ్లు కాదు, జీవభద్రత అధికారులు. చెట్టు నుంచి, జంతువు నుంచి, మట్టి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ వాళ్లు అనుమానంగా చూస్తారు. మన ఇళ్లలో మనకు కనిపించకుండానే ఇవి డబ్బాల్లోకి ఎక్కుతాయి. పేడతో అలికిన చాట, గడ్డి చీపురు, ఆవుపేడ విభూతి, పిడకలు, బతుకమ్మ నాటి ఎండిన తంగేడు, గునుగు, మేడారం నుంచి తెచ్చిన బెల్లం, పిల్లల బూట్ల అడుగున మట్టి, సైకిలు టైరు సందుల్లోని మట్టి. వీటిలో ఏది కనిపించినా డబ్బా ఆగుతుంది. అప్పుడు వాళ్లు మీ ముందు పెట్టేవి మూడే: మీ ఖర్చుతో శుద్ధి చేయించడం, తిప్పి పంపడం, నాశనం చేయడం. చాటకు శుద్ధి ఖర్చు కట్టే కంటే చాట ఇక్కడే వదిలేయడం నయం.

ఉయ్యాలబల్ల పంపవచ్చు. టేకు బల్ల నున్నగా ఉండి, బెరడు లేకుండా, పుచ్చు రంధ్రాలు లేకుండా ఉంటే అభ్యంతరం లేదు. బల్లను తిప్పి అడుగు భాగం, గొలుసు కొక్కేలు దిగిన రంధ్రాలు చూడండి. సన్నటి పొడి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. అలాంటప్పుడు ఇక్కడే పురుగును చంపే మిథైల్ బ్రోమైడ్ వాయువుతో ధూపనం చేయించి పంపాలి. ఆస్ట్రేలియా గుర్తించిన ధూపన సంస్థలు మన దేశంలో ఉన్నాయి. వాళ్లిచ్చే సర్టిఫికెట్టే అక్కడ చెల్లుతుంది, పక్కవీధి పురుగుమందుల ఆయనది చెల్లదు. చాలామంది దెబ్బతినేది బల్ల వల్ల కాదు, దాని పెట్టె వల్ల. వడ్రంగి మామిడి చెక్కతో దిట్టంగా పెట్టె కొట్టిస్తాడు. ప్యాకింగ్ చెక్కకు అంతర్జాతీయ నియమం ప్రకారం వేడి లేదా ధూపన శుద్ధి జరిగి, ఐఎస్‌పీఎం 15 ముద్ర పడి ఉండాలి. ముద్ర లేని పెట్టెలో మచ్చలేని టేకు ఉన్నా పెట్టె కోసమే ఆపుతారు. దొరక్కపోతే చెక్కపెట్టె మానేసి దళసరి అట్ట, ఫోమ్, బబుల్ షీటుతో చుట్టించండి. చేర్యాల ముఖాల బొమ్మలు, నిర్మల్ కొయ్యబొమ్మలు, పీటలు, రోకలి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కొయ్యవన్నీ ఒకే డబ్బాలో పెట్టి లిస్టులో అలాగే రాయండి. అధికారి వెతకాల్సింది ఒక చోటే ఉంటే మిగతా డబ్బాలు విప్పి కెలికే అవసరం తగ్గుతుంది.

డబ్బాల సంగతీ అంతే. కిరాణా కొట్టు నుంచి ఉచితంగా వచ్చే గుడ్ల, పండ్ల, కూరగాయల అట్టపెట్టెలు వద్దు. ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చిన మిర్చి గోనెసంచి ఎంత గట్టిదైనా వద్దు. గిన్నెల మధ్య గడ్డి, ఊక కుక్కొద్దు. కొత్త ఐదు పొరలవో ఏడు పొరలవో అట్టడబ్బాలు కొనండి, ఒక్కోటి 25 కిలోలు దాటనివ్వకండి. కంటైనర్ లోపల రాత్రి చల్లబడి పైకప్పు నుంచి నీటిచుక్కలు రాలతాయి, అందుకని చీరలు, దుప్పట్లు ముందు పాలిథిన్ సంచిలో, తర్వాత డబ్బాలో. హారతి కర్పూరం, అగ్గిపెట్టెలు, సెంటు సీసాలు, స్ప్రేలు, పవర్ బ్యాంకులు ఓడ డబ్బాలోకి రాకూడదు. కర్పూరాన్ని మండే పదార్థంగా లెక్కిస్తారని పూజసామాను కట్టేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

తిండి విషయంలో నా మాట ఒక్కటే: ఓడ డబ్బాలో ఒక్క గింజ కూడా వద్దు. రెండు మూడు నెలలు దారిలో ఉండే డబ్బాలో చింతపండుకు పురుగు పడితే మీ పట్టుచీరలకు కూడా శుద్ధి ఖర్చు మీరే కట్టాలి. తొక్కు, కారప్పొడి కొద్దిగా, పేరూ పదార్థాలూ అచ్చయిన దుకాణపు ప్యాకెట్లలో సూట్‌కేసులో పెట్టుకోండి. విమానంలో ఇచ్చే కార్డులో తిండి ఉందా అన్న చోట "ఉంది" అని టిక్కు పెట్టండి. ఉందని చెప్పి చూపిస్తే మహా అయితే తీసి పారేస్తారు. లేదని రాసి దొరికితే జరిమానా, తాత్కాలిక వీసా మీద వెళ్లేవాళ్లకు వీసా రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది. మీది అలాంటి వీసానే. నెయ్యి, పాలతో చేసిన మిఠాయిలు, పచ్చి కరివేపాకు వద్దే వద్దు. పిల్లల మందులు మూడు నెలలకు మించకుండా, డాక్టరు చీటీతో చేతిసంచిలో.

అమ్మ పోసే ఒడిబియ్యం సముద్రం దాటక్కర్లేదు. ఒడిబియ్యం వండి నలుగురిని పిలిచి పెట్టుకోవడం మనకున్న ఆచారమే. ప్రయాణానికి పది రోజుల ముందు పోయించుకోండి, అత్తవారింట్లో వండి రెండు వైపుల వాళ్లనూ కూర్చోబెట్టండి. ఒడిలో పెట్టిన చీర, రవిక మీతో వస్తాయి. వక్కలు, కుడుకలు, పసుపు కొమ్ములు ఇక్కడే ఉంటాయి.

పెద్దాయన ముల్లె తిరిగి ఇచ్చేయండి. "ఈ డబ్బాల్లోవి నావే, నేనే కట్టాను" అన్న మాట మీద మీరు సంతకం చేస్తున్నారు. ఆయన మంచివారే కావచ్చు, కానీ ఆ ముల్లెలోని పొడుల్లో ఏముందో మీకు తెలియదు. మొహమాటమైతే కస్టమ్స్ ఫారం మీద నెపం పెట్టండి, నిజంగానే అందులో ఆ ప్రశ్న ఉంది. హన్మకొండ పోస్టాఫీసులో సీఎన్ 23 డిక్లరేషన్ ఆయనే నింపి కొడుకు చిరునామాకు పార్సిల్ చేసుకోవచ్చు. ఆ ఫారం నింపడంలో సాయం చేస్తే మాట పోదు.

ఇక ఏజెంటు. సొంత సామాను పంపడానికి మీకు ఎగుమతిదారు కోడ్ అక్కర్లేదు. కానీ హైదరాబాద్ వైపు సనత్‌నగర్ లేదా తిమ్మాపూర్ కంటైనర్ డిపోలో మీ తరఫున మన కస్టమ్స్ ముందు కాగితాలు పెట్టడానికి లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకర్ కావాలి. ఏజెంటుకే ఆ లైసెన్సు ఉందా, లేక ఎవరి ద్వారా చేయిస్తాడో చెప్పించుకోండి. పాస్‌పోర్టు, వీసా, టికెట్ నకళ్లు, సామాను లిస్టు, మీరిచ్చే అధికార పత్రం అడుగుతాడు, అవి మామూలే. సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు అడిగితే మాత్రం ఇవ్వకండి. లిస్టు మీరే రాయండి. డబ్బా నంబరు, వస్తువు, ఎన్ని, దేంతో చేసింది, ఏ ఏడాది కొన్నది, ఇప్పటి విలువ. "4వ డబ్బా: ఇత్తడి గిన్నెలు 6, వాడినవి, 2012" అన్నట్టుండాలి. "వాడిన ఇంటి సామాను" అన్న ఒక్క ముక్క చూస్తే ఏ అధికారికైనా విప్పి చూడాలనిపిస్తుంది. పైగా ఏదైనా పగిలితే బీమా వాళ్లు అడిగేదీ ఈ లిస్టే. డబ్బా మూసేముందు ఫొటో తీయండి.

బీమాలో ఒక మెలిక ఉంది. మీరే కట్టిన డబ్బాకు సాధారణంగా పగిలినవాటి నష్టం ఇవ్వరు, మొత్తం డబ్బా పోతేనే ఇస్తారు. పగిలేవి ఏజెంటు మనుషుల చేతే కట్టించండి, మీరు పక్కన నిలబడి చూడండి. బీమా అసలు వద్దనుకునే ముందు ఇదీ తెలుసుకోండి. ఓడ ప్రమాదంలో పడి దాన్ని కాపాడటానికి కావాలని కొంత సరుకు వదులుకున్నా, ఖర్చు పెట్టినా, ఆ నష్టాన్ని ఓడలో సరుకున్న వాళ్లందరూ పంచుకోవాలి. మీ డబ్బాలు క్షేమంగా ఉన్నా మీ వాటా కట్టేదాకా వదలరు. బీమా ఉంటే అది వాళ్లు చూసుకుంటారు.

మీ ఆయన అన్నట్టు అన్నీ వదిలేసి వెళ్లడమూ ఒక దారే. ఖర్చూ తలనొప్పీ తప్పుతాయి, కానీ ఇత్తడీ ఉయ్యాలా అక్కడ దొరికేవి కావు, ఇంట్లో మాట మిగిలిపోతుంది. ఎనిమిది డబ్బాలూ ఉయ్యాలా ఓడలో పంపితే మొదటి రెండు మూడు నెలలు నాలుగు గిన్నెలతో సంసారం చేయాలి, డబ్బు మీరనుకున్నదాని కంటే కొంత ఎక్కువే అవుతుంది. ఓడే వద్దనుకుంటే విమానంలో అదనపు బ్యాగులు ముందుగానే కొనుక్కుని ఇత్తడిలో ముఖ్యమైనవి నాలుగు తీసుకెళ్లి, మిగతావి వచ్చిపోయే వాళ్లతో విడతలుగా తెప్పించుకోవచ్చు. మీ ఉత్తరం చదివాక నాకు రెండోదే నయమనిపిస్తోంది, అదీ ఏజెంటు కాగితం ఇస్తేనే. ఓడ ఎక్కించే రోజును మాత్రం మీ ప్రయాణానికి దగ్గరగా పెట్టించండి. సామాను మీకంటే ముందే చేరితే, మీరు దిగేదాకా డిపోలో అద్దె కడుతూ కూర్చోవాలి.

ఈ రాత్రే ఏజెంటుకు రాతపూర్వకంగా ఇవి అడగండి. ఘనపు మీటరు రేటెంత, కనీస ఛార్జీ ఎంత? మెల్‌బోర్న్‌లో టెర్మినల్ ఛార్జీలు, డిపోలో దించే ఛార్జీ, సామాను వదలమనే డెలివరీ ఆర్డరు ఛార్జీ, జీవభద్రత తనిఖీ ఫీజు ఈ ధరలో ఉన్నాయా లేవా? అక్కడ సామాను అప్పగించే ఏజెంటు ఎవరు? డోర్ అంటే ఇంటి గుమ్మమా, లారీ ఆగే చోటా? ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇక్కడ రేటు తక్కువ చెప్పి, డబ్బాలు అక్కడికి చేరాక అక్కడి ఏజెంటు డాలర్లలో ఇంకో బిల్లు పెడతాడు, అది కట్టనిదే సామాను కదలదు. మూడు రోజుల్లో రాతలో జవాబు రాకపోతే అడ్వాన్సు తిరిగి అడగండి. మీరు డబ్బు పంపిన రసీదు, ఆ గొంతు సందేశం రెండూ సాక్ష్యమే, చెరిపేయకండి. ఇవ్వనంటే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఏజెంటు ఏ ఊరివాడైనా మీరుండే చోటే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు. మీరు వెళ్లిపోయినా మరిదికి అధికార పత్రం ఇస్తే ఆయన హాజరవుతారు. జవాబు చేతికొచ్చేదాకా డబ్బాలకు టేపు వేయకండి.